తాబేలు కారుకు మూడు సైలెన్సర్లు

ఈ పొద్దున బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే వీధి మలుపులో పాలాయన మోటారు సైకిలు చప్పుడు వినిపించింది. రోజూ వినే చప్పుడే, కానీ ఈరోజు దాని మధ్యలో చిన్న చీలిక ఉంది, బీటలిచ్చిన కుండను వేలితో కొట్టినట్టు. నా చేతులు చేటలోనే ఆగిపోయాయి. చప్పుళ్ళంటే నాకింత పట్టింపు రావడానికి కారణం బాయిలర్ సత్యంగారు. మీరెవరూ ఆయనను చూసి ఉండరు. చూసి ఉంటే ముందు ఆయన కారునే చూసి ఉండేవారు.

రాయచూరు దగ్గర కృష్ణ ఒడ్డుకు పవర్ ప్లాంటు వచ్చిన తొలి రోజులవి. మా ఆయనకు బొగ్గు దింపే చోట రాత్రి షిఫ్టు. రెండో తరగతితో బడి మానేసిన నేను కాలనీలో సత్యంగారింట్లో వంట చేసేదాన్ని. ఆయనది కోస్తా నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద వరి పండించే కుటుంబం, ప్లాంటులో బాయిలర్ ఫోర్‌మన్ ఉద్యోగం. కారేమో తాబేలు డొప్పలా గుండ్రంగా ఉండేది. ఇంజను వెనక, సామాను పెట్టే డిక్కీ ముందు! పైగా ఇంజనుకు నీళ్ళు పోసే పనే లేదు, గాలితోనే చల్లబడుతుంది. "రాయచూరు ఎండలో నీళ్ళడగని ప్రాణి ఇదొక్కటేనమ్మా" అని ఆయన మురిసిపోయేవారు. ఆయన భార్య కామాక్షమ్మగారు మోకాళ్ళు పట్టేసి బస్సు మెట్లు ఎక్కలేకపోయేవారు. సాయంత్రం ఆ కారులో కృష్ణ వంతెన దాకా వెళ్ళి గాలి పీల్చుకుని రావడమే ఆమెకున్న లోకం.

ఆ కారు సైలెన్సర్ తుప్పుపట్టి పగిలింది. బండి కదిలితే క్వార్టర్ల కిటికీలు గడగడలాడేవి. రాత్రంతా పనిచేసి పగలు పడుకునేవాళ్ళు కాలనీ సెక్రటరీకి ఫిర్యాదు రాశారు. అందులో మా ఆయన వేలిముద్ర కూడా ఉందని తెలిసి, ఆ పూట వంటింట్లో తలెత్తలేకపోయాను. ఆదివారంలోగా చప్పుడు ఆపకపోతే కారును గేటు లోపలికి రానివ్వనని సెక్రటరీ చెప్పేశాడు. బయట నిలిపే చోటు లేదు. ఇక అమ్మేయడమే. కామాక్షమ్మగారు సాయంత్రాలు కట్టుకునే నీలం చీరను మడిచి బీరువా అడుగున పెట్టేశారు.

అచ్చం పాతదానిలాంటి సైలెన్సర్ ఎక్కడా దొరకలేదు. రాయచూరు మెకానిక్ ఖాజా మియా బయటి రకాలు మూడు తెచ్చాడు. ఒకటి హైదరాబాదుది, అద్దంలా మెరిసే లావు గొట్టం. ఒకటి తానే అతికించి చేసిన బరువైన డబ్బా. మూడోది బొంబాయి నుంచి లారీలో వచ్చింది, రెండు సన్న గొట్టాలున్న నల్లటి మామూలు వస్తువు. దాని వైపు ఎవరూ చూడలేదు.

"ఈరమ్మా, మీ ఆయన పడుకున్నాడా?" అన్నారు సత్యంగారు.

"ఇప్పుడే పన్నడు సార్."

"భేష్. నువ్వు మీ గడప మీద కూర్చుని విను. ఆయన లేచాడా, సైలెన్సర్ ఫెయిలు."

"ఏంది సార్, నిద్రపొయ్యే మనిషితోటి గిట్ల పరీక్షనా?"

"ముద్రేసింది ఆయనేగా మరి!"

మెరిసే గొట్టం బిగించి మా ఇంటి సందులోకి తిప్పారో లేదో, మా ఆయన లుంగీ చేత్తో పట్టుకుని బయటికి ఉరికొచ్చాడు. "ఏందే, బాయిలర్ పేలిందా?" అన్నాడు. సందంతా నవ్వులు. రెండోది, ఖాజా చేసిన డబ్బా. కారు వెళ్ళిందో లేదో కూడా తెలియలేదు. మా ఆయన గురక ఆగలేదు. "దేఖో సార్, పిల్లి నడిచినట్టుంది!" అని ఖాజా చేతులు చరిచాడు. సెక్రటరీ కూడా "చెన్నాగిదె" అని కన్నడంలో మెచ్చుకున్నాడు. నేను మాత్రం మొహం ముడుచుకుని ఇంజను వైపే చెవి పెట్టాను. సత్యంగారు అది కనిపెట్టారు.

"ఏంటి, మొహం అలా పెట్టావు?"

"నాకేమెరుక సార్, వంట చేసేదాన్ని."

"తెలిసింది చెప్పమన్లేదు. విన్నది చెప్పు."

అలా నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. "మెల్లగనే ఉంది సార్, గానీ దానికి ఊపిరాడుతలేదు. మా ఇంట్ల పొగగొట్టం మసితోటి మూసుకపోతే పొయ్యి గిట్లనే గుసగుసమంటది. సప్పుడుండది, ఇల్లంత ఉడుకుతది."

"వాహ్ అమ్మా! రేపటి సంది షెడ్డు నువ్వు చూస్కో, నేను రొట్టెలు చేస్త" అన్నాడు ఖాజా. అందరూ నవ్వారు. సత్యంగారు నవ్వలేదు, కారు తలుపు తీశారు. "ఎక్కు. చిక్కసూగూరు దాకా వెళ్ళొద్దాం. మియా, నువ్వూ రా."

నేను కారెక్కడం అదే మొదలు! గాలి మొహాన కొడుతుంటే పరీక్ష సంగతే మరిచిపోయాను. చిక్కసూగూరు ఇళ్ళు కనబడే వేళకు కారు మెత్తబడింది. ఎంత తొక్కినా లాగలేదు, నూనె మాడిన వాసన. ఆపి వెనక మూత ఎత్తితే పొయ్యిలోంచి వచ్చినట్టు సెగ కొట్టింది. ఖాజా చేయి పెట్టబోయి వెనక్కి లాక్కున్నాడు. "చప్పుడు ఆగాలని లోపల రేకులు ఎక్కువ ఏసిన సార్" అన్నాడు, తల గోక్కుంటూ.

సత్యంగారు రోడ్డు మీదే పగలబడి నవ్వారు. "అంత పెద్ద చిమ్నీ కింద డ్యూటీ చేస్తూ, నా కారు చిమ్నీ నేనే మూసుకున్నాను చూడు! ఈరమ్మ చెప్పకపోతే ఇంజను కాలిపోయేది."

మర్నాడు మధ్యాహ్నం, ఎవరూ చూడని ఆ నల్లదాన్ని బిగించారు. కారు వస్తుంటే పప్పు ఉడికినట్టు కుతకుతమనే చప్పుడు, అడ్డులేని ఊపిరి. మా ఆయన ఏదో గొణిగి, అటు ఒత్తిగిలి, మళ్ళీ గురక పెట్టాడు. నేను గడప మీద నుంచి లేచి కొంగు ఊపాను.

సెక్రటరీ మొహం చిట్లించి, "వినిపిస్తూనే ఉంది కదా?" అన్నాడు.

"విన్నది ఆవిడ. ఆవిణ్ణే అడగండి" అన్నారు సత్యంగారు.

అంతమంది మగవాళ్ళు నా వైపు తిరిగేసరికి ఒక అడుగు వెనక్కి వేశాను. అయినా విన్నది చెప్పడమే కదా అనుకున్నాను.

"వినపడ్తది సార్. లేపది."

సెక్రటరీ కిటికీలోంచి మా ఆయనను తొంగి చూసి, "ఆయ్తు, ఆయ్తు" అని, సరేనన్నట్టు నవ్వుతూ వెళ్ళిపోయాడు. సాయంత్రం కామాక్షమ్మగారు నీలం చీర కట్టుకుని వచ్చారు. ఆ కుతకుత వంతెన వైపు తిరిగి వినబడకుండా పోయేదాకా నేను గేటు దగ్గరే నిలబడ్డాను.

తరువాత సత్యంగారు రిటైరై కాలువ పక్క ఊరికి వెళ్ళిపోయారు, కారులోనే. నాకు చదువు రాలేదు గానీ, ఆ రోజు నుంచి నాకేమెరుక అని తప్పుకోవడం మానేశాను. ఆసుపత్రిలో అయినా ఆఫీసులో అయినా ముందు చూసింది చెబుతాను, విన్నది చెబుతాను. నవ్వేవాళ్ళు నవ్వుతారు, చెప్పడం మాత్రం ఆపను.

పాలాయన గేటు ముందుకు రాగానే, "నాయనా, నీ బండి సైలెన్సర్ అతుకు కాడ పగిలింది సూడు" అన్నాను.

"నిన్ననే సర్వీసు చేయించిన అవ్వా, ఏం కాలే" అని నవ్వాడు. నేను కదల్లేదు. చివరికి వంగి, అతుకు దగ్గర అరచేయి పెట్టి, చురుక్కుమంటే తీసేశాడు.

"అవ్వా, ఇంట్ల కూసోని నీకెట్ల తెలిసె?"

"తెల్వలే నాయనా" అన్నాను గిన్నె చాపుతూ, "విన్న."