తెల్లకోటు మావయ్య నవ్వు

మొన్న హాలోవీన్ సాయంత్రం, ఇక్కడ అమెరికాలో, నోవై ఊళ్ళో మా వదిన వాళ్ళింటి ముందు కారు దిగి, పులిహోర గిన్నె పట్టుకుని మెట్లెక్కబోతుంటే, ఎప్పుడో పోయిన మా మావయ్య నన్ను చూసి నవ్వాడు. గుమ్మం పక్కన ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని నిలబెట్టి, దానికి ఆయన తెల్లకోటు తొడిగారు. నవ్వు ఆ పుర్రెలోంచి వస్తోంది. ముందు గరగరమని మొదలై, పైపైకి పోయి, చివర్న కీచుమని విరిగే నవ్వు. నా పులిహోర సగం మెట్లపాలైంది. వదిన కూతురు పరుగెత్తుకొచ్చింది. కాలేజీలో చదువుతోంది, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. "సారీ అత్తా! మోషన్ సెన్సర్ పెట్టాను. ఎవరు వచ్చినా తాతయ్య లాఫ్ చేస్తాడు. ఒరిజినల్ తాతయ్య వాయిస్! కూల్ కదా?" అంది. కూలేనమ్మా అన్నాను. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయింది. దాని మీద కాదు, దానికేం తెలుసు.

మావయ్య అంటే మా అమ్మకి అన్న, వదినకి నాన్న. మద్రాసులో నలుపు తెలుపు దెయ్యాల సినిమాలు తీసే రోజుల్లో పిచ్చి సైంటిస్టు వేషం ఉందంటే ఆయనకే కబురొచ్చేది. స్కూల్లో లెక్కలూ సైన్సూ రెండూ తప్పిన మనిషి, తెర మీద శవాలకి ప్రాణాలు పోసేవాడు. గాజు బుడ్డీల్లో బుసబుస పొంగేది రంగు కలిపిన సోడా, చుట్టూ కమ్మేది సాంబ్రాణి పొగ. ఒకసారి లైట్ల వేడికి జిగురు కరిగి, అంటించిన కనుబొమ ఊడి బుడ్డీలో పడిందట. డైరెక్టరు బ్రహ్మాండం అని ఆ షాటు అలాగే ఉంచేశాడు. జనం జడుసుకున్నారు. ఇంట్లో మాత్రం బల్లి కనిపిస్తే ఆయన కుర్చీ ఎక్కేవాడు, దాన్ని తోలే పని అత్తయ్యది.

అత్తయ్య పోయాక వదిన ఆయన్ని నోవైకి తెచ్చుకుంది. చలికి స్వెట్టరు మీద ఆ సైంటిస్టు వేషాల తెల్లకోటే తొడుక్కుని తిరిగేవాడు, జేబులు పెద్దవని. అది చూసి పక్కింటి అమెరికన్ ముసలామె డాక్టరనుకుని మోకాలి నొప్పి చూపించింది. ఈయనా తక్కువ తినలేదు, కళ్ళజోడు ముక్కు మీదకి దించి, వాము మూటతో కాపడం పెట్టుకోమని సైగలతో చెప్పాడు. ఆవిడకి తగ్గింది కూడా. క్రిస్మస్‌కి కేకు పంపింది.

మనవాళ్ళతోనే వచ్చింది చిక్కు. తలా ఒక వంటకం తెచ్చుకునే ఏ పాట్‌లక్ విందుకి వెళ్ళినా, ఎవరో ఒకరు చేతిలో బిర్యానీ ప్లేటుతో వచ్చి "అంకుల్, ఒక్కసారి ఆ సినిమా నవ్వు ప్లీజ్" అనేవారు. ఆయన చేతులు జోడించి గొంతు బాలేదు బాబూ అనేవాడు. ఏళ్ళ తరబడి బాగుపడని గొంతు! అసలు సంగతి ఇంట్లోవాళ్ళం కొద్దిమందికే తెలుసు. ఆ నవ్వు ఆయనది కాదు. ఆయన గొంతు సన్నం. ఆ గొంతుకి పసిపిల్లాడు కూడా భయపడడని తేల్చి, ప్రతి సినిమాలోనూ ఆయనకి ఇంకెవరిచేతో డబ్బింగు చెప్పించారు. ఆ చెప్పినాయన పేరు ఏ టైటిల్సులోనూ పడలేదు. ఈయనకేమో పేరు ఉంది, గొంతు లేదు. అందరికీ చెప్పేయొచ్చుగా మావయ్యా అని అడిగానొకసారి. "చెబితే ఇంక నాదని ఏం మిగులుతుందే అమ్మాయ్?" అన్నాడు.

ఒక ఉగాదికి ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళు నాటకం వేస్తామంటూ వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు వేషం. కోటు లేదు, బుడ్డీ లేదు, పిచ్చి లేదు. అలిగి వెళ్ళిపోయిన కూతురితో చివర్లో ఒక తండ్రి మాట్లాడే నాలుగు మాటలు. మావయ్య మొహం వెలిగిపోయింది. "ఈసారి నా గొంతే వినాలే వీళ్ళు" అన్నాడు. వదిన వాళ్ళ బేస్‌మెంటులో, వాషింగ్ మెషీన్ పక్కన, కూతురి మాటలు నేను అందిస్తుంటే రిహార్సల్ చేసేవాడు. సన్నటి గొంతే, కానీ ఎదురుగా కూర్చున్న ఒక్కరికోసమే మాట్లాడుతున్నట్టుండేది. చివరి మాటల దగ్గర నేను ప్రతిసారీ ఏడ్చేదాన్ని. ఆయన దానికి భలే సంతోషించేవాడు.

నాటకం రోజు హైస్కూల్ ఆడిటోరియం నిండిపోయింది. మావయ్య పంచె కట్టుకుని వచ్చి మొదటి మాట అన్నాడో లేదో, వెనక వరసల్లో ఈలలు. "నవ్వు సార్! నవ్వు!" ఆయన వినిపించుకోలేదు. మాట మీద మాట పేర్చుకుంటూ వెళ్తున్నాడు. నేను తెర పక్కన నిలబడి చూస్తున్నాను. కూతురి వేషం వేసినమ్మాయి గడపలోకి వచ్చింది. ఆయన నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడు, సౌండ్ చూసుకుంటున్న కమిటీ మెంబరు ఒకాయన, పెద్దాయనకి సాయం చేస్తున్నాననుకుని, ఫోన్‌లోంచి ఆ సినిమా నవ్వుని స్పీకర్లలో వదిలాడు.

హాలు హాలంతా లేచి చప్పట్లు. మావయ్య ఆగిపోయాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత మెల్లగా రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు వంకర్లు తిప్పి, తల వెనక్కి వాల్చి, ఆ నవ్వుకి పెదాలు కలిపాడు. ఎక్కడా పొల్లుపోలేదు. సంఘం అధ్యక్షులవారు నాటకం మధ్యలోనే స్టేజీ ఎక్కి శాలువా కప్పేశారు. హెడ్మాస్టరు చెప్పాల్సిన నాలుగు మాటలు ఎవరికీ గుర్తు రాలేదు. ఇంటికి వస్తుంటే కారులో, ఒళ్ళో శాలువా పెట్టుకుని, "సింక్ కుదిరిందా?" అని అడిగాడు. కుదిరింది మావయ్యా అన్నాను. ఆ పైన ఆయన నాటకం ఊసెత్తలేదు. మళ్ళీ ఉగాది చూడకుండానే పోయాడు.

సంఘం వాళ్ళు యూట్యూబ్‌లో పెట్టిన వీడియోలో కూడా ఆ నవ్వు ముక్కే ఉంది, మిగతాదంతా కత్తిరించేశారు. నేను వాళ్ళని క్షమించలేదు. క్షమించాలని కూడా లేదు.

మొన్న మెట్ల మీద పడ్డ పులిహోర ఎత్తుతూ వదినని అడిగాను, పిల్లకి నిజం చెప్పలేదా అని. వదిన తలెత్తలేదు. "ఏం చెప్పను? నాన్న వాయిస్ మెసేజ్‌లన్నీ పాత ఫోన్‌తోనే పోయాయి. ఇది కాదంటే, దానికి వినిపించడానికి నా దగ్గర ఏముంది?" అంది. ఇంతలో మాస్కులు తొడుక్కున్న పిల్లలెవరో చాక్లెట్ల కోసం వచ్చారు. కోటులోని పుర్రె మళ్ళీ నవ్వింది. వదిన కూతురు గర్వంగా "దట్స్ మై గ్రాండ్‌పా!" అని వాళ్ళకి చెబుతోంది.

ఏటేటా అక్టోబరు వస్తుంది, ఇక ఏటేటా మావయ్య ఆ గుమ్మంలో నవ్వుతాడు. ఆయన మాట్లాడగా విన్నవాళ్ళం మాత్రం ఏటా ఒకరిద్దరం తగ్గిపోతున్నాం.