వెలుగు పోయే తీగ

మా సైన్సు టీచరమ్మ ఇక లేరని నిన్న ఆత్మకూరు నుంచి కబురొచ్చింది. తొంభైల్లో మర్రిపాడు దగ్గర మా ఊరి హైస్కూల్లో పాఠం చెప్పిన మనిషి. చేతిసంచిలో టార్చిలైటు లేనిదే గడప దాటేవారు కాదు. "చూడకుండా నమ్మబాకండి, చూసినాక ఎనక్కి తగ్గబాకండి" అనేవారు. ఆ రెండో మాటకు అర్థం మా నాయన వల్ల తెలిసింది.

అప్పట్లో రోడ్డు వెంట తవ్వి కొత్త టెలిఫోను కేబులు వేస్తున్నారు. తీగంటే రాగి, రాగి అంటే గిరాకీ. మా వైపు లెక్క అది. నాయన రాత్రిపూట కూడా కాదు, పట్టపగలే ఒక బారెడు కోసుకొచ్చి, పైతొడుగు పోయేదాకా చెత్తమంటలో కాల్చాడు. మిగిలినవి వెంట్రుకల్లాంటి గాజు పోగులు. పోలీసులకు చెబుతామని కేబులు వాళ్లు ఊరిమీదికొచ్చారు. కోసిందెవరో ఊళ్లో ఎవరూ బయటపెట్టలేదు. సంగతి తెలిసి టీచరమ్మే మా ఇంటికొచ్చారు.

"టెలిఫోను ఆఫీసుకు పోయి ఒప్పుకుందాం, పదన్నా."

"నన్ను లోపలేస్తే పిలకాయల గతేంది టీచరమ్మా?"

"దొంగతనానికి సిగ్గుపడు, ఒప్పుకోడానికి కాదు. నేనూ వస్తాండాను."

ఆత్మకూరు ఆఫీసులో నాయనకు అక్షింతలు బాగానే పడ్డాయి. ఇంకోసారి తెగితే ఇతని మీదే కేసన్నారు. "మా ఊళ్లో తెగదు సార్, పూచీ నాది" అని చెప్పి వచ్చారామె. నాయన జైలుకు పోవడం, పోకపోవడం ఇక ఊరందరి చేతుల్లో ఉంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక టీచరమ్మ మా ఊరి చర్చి తలుపులు, కిటికీలు మూయించారు. పక్కన చిల్లు పెట్టిన నీళ్లసీసా నాయన చేతికిచ్చి, వెనకనుంచి టార్చి వేశారు. నీటిధార వంగి మా అవ్వ అరచేతిలో పడింది. దానితోపాటే వెలుగూ పడింది.

"ఏందమ్మా, వెలుగు వంగతాదా?"

"వంగదవ్వా. ధార లోపలే అటూ ఇటూ తగులుకుంటా ముందుకు పోతాది. ఆ గాజు పోగుల్లోనూ అంతే. మాటని వెలుగు చేసి పంపిస్తారు. ఇన్నాళ్లు కరెంటు చేసిన పని ఇంక వెలుగు చేస్తాది, కంటి ఆపరేషన్లు కూడా. దాన్ని ఫోటానిక్స్ అంటారు. మన పిలకాయల బతుకు దాంట్లో ఉండాది. ఆ తీగలో రాగి లేదు, తెంపబాకండి."

మా ఊళ్లో మళ్లీ కేబులు తెగలేదు. ఫోటానిక్స్ అన్న మాట పేపర్లో కనపడితే ఆమె గొంతే వినిపిస్తుంది. ఆమె లేరంటే ఏడుపొస్తోంది.

ఆ ఆదివారం సాయంత్రమే నాయన పార తీసుకుని, అతుకేసిన కేబులు మీద మన్ను పూడ్చడానికి పోయాడు. టీచరమ్మ చెప్పులు విడిచి, కుచ్చిళ్లు దోపుకుని గుంట పక్కన నిలబడ్డారు. నాయన కళ్లనీళ్లతో చేతులు జోడించాడు.

"దండాలు తర్వాత. మన్ను పొయ్యన్నా" అంటూ, పడిన మన్నును పడినట్టే పాదాలతో తొక్కుకుంటూ ఆమె ముందుకు నడిచారు.