మైకు బండి మొక్కు

మా ఆయనకు ఫ్రాన్స్ పిచ్చి పట్టించింది ఫోనే. ఎవరో మొగుడూ పెళ్లాలు, మాలాగే అరవై దాటినవాళ్లు, ఒక వ్యాన్‌లోనే మంచం, పొయ్యి, బట్టల అర అన్నీ పెట్టుకుని ఆకులు రాలే కాలంలో ఆ దేశమంతా తిరుగుతూ వీడియోలు పెట్టేవాళ్లు. ద్రాక్షతోట పక్కన బండి ఆపి అతను ఆమ్లెట్ వేస్తుంటే, ఆమె మడత కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుకునేది. వాళ్ల భాష ఒక్క ముక్క రాకపోయినా ఈయన అన్నం చల్లారిపోయేదాకా చూసేవాడు.

"గదీ బతుకంటే. సూడు, పెండ్లానికి వండి పెడుతుండు" అనేవాడు.

"నువ్వొక్కనాడన్న వండినవా?"

"నాకు గసొంటి బండేది మరి?"

బండి లేకపోలేదు. ఆయనది మైకు బండి. నిజామాబాద్ నుంచి బోధన్ దాకా, అటు రుద్రూర్ దాకా ఊరూరా తిరిగి చీరల సేల్, కంటి క్యాంపు, సర్కస్, జాతర, రేపు నల్లా రాదనే కబురు, ఏదైనా సరే చెప్పి రావడం ఆయన పని. మిగతావాళ్లంతా ఎప్పుడో రికార్డింగుకు మారిపోయారు. పెన్‌డ్రైవ్ గుచ్చి బండి తోలుకుంటూ పోతారు. ఈయన మాత్రం ససేమిరా అన్నాడు. "రికార్డుకు కండ్లుంటయా? ఎదురుంగ ఎవరున్నరో దానికేం ఎరుక?" అనేవాడు. "ఓ పచ్చచీర అక్కా, బిందె కింద పెట్టి ఇను" అని మొదలుపెడితే గల్లీ గల్లీ నవ్వుకుంటూ గుమ్మాల్లోకి వచ్చేది. తెలుగులో చెప్పి, ఉర్దూలో చెప్పి, అంగడి రోజైతే సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాళ్ల కోసం మరాఠీలోనూ చెప్పేవాడు. ఇంతా చేస్తే ఆ గొంతు ఎక్కడా పట్టి పెట్టి లేదు. మా పెళ్లి వీడియోలో కూడా మీద పాట వేసేశారు.

నేను రిటైరైన బడి పంతులమ్మను. ఆయన మాట్లాడి సంపాదిస్తే, నేను మాట్లాడొద్దని చెప్పి సంపాదించాను. "నోటి మీద వేలు" అన్నది నా నోట్లోంచి ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో. ఇంట్లోనూ అదే వరస. ఆయన తినేటప్పుడూ, చెప్పులు విప్పేటప్పుడూ, స్నానాల గదిలోంచీ మాట్లాడుతూనే ఉండేవాడు. నేను ఊఁ కొట్టేదాన్ని, లేదంటే కసిరేదాన్ని. కసిరిందే ఎక్కువ.

పోయిన ఏడు వానల్లో గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు, అల్లం రసం, గోలీలు అన్నీ అయ్యాయి. చివరికి హైదరాబాద్‌లో పరీక్షలు చేశారు. రిపోర్టు రోజు నేను వెళ్లలేదు. మోకాళ్ల నొప్పులన్నాను. అసలు సంగతి భయం. బోధన్‌లో మైకుసెట్ల దుకాణం భాయ్‌ని తోడు తీసుకుని వెళ్లాడు. ఆయన మైకులు బాగుచేసే భాయ్, ముప్పై ఏళ్ల దోస్తు.

సాయంత్రానికి తిరిగొచ్చారు. నేను మంచినీళ్లు ఇవ్వడం కూడా మర్చిపోయి గుమ్మంలోనే అడిగాను.

"గొంతుల గడ్డయ్యింది. కార్తీక పున్నం అయినంక ఆపరేషన్. గొంతు సగం తీస్తరట. సగం ఉంటది గద, మాట ఉంటది. అందాక జెర రెస్టియ్యాల్నట, అంతే" అన్నాడు ఆయన. భాయ్ లోపలికి రాకుండా తన చెప్పుల వంకే చూసుకుంటూ నిలబడ్డాడు. నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

దసరా అయిందో లేదో ఆయన బండి మీద పడ్డాడు. సీట్లు పీకేసి చెక్కలతో మంచం కొట్టాడు. ఒంటి పొయ్యి బిగించాడు. నా పాత చీరను అద్దాలకు పరదా చేశాడు. పైన రెండు మైకు హారన్లు మాత్రం తీయనివ్వలేదు. "ఆపరేషన్ లోపల తిరిగొద్దాం. ఫ్రాన్స్‌కు వీసా గావాలె, రుద్రూర్‌కు డీజిల్ ఉంటె సాలు. వాళ్లకు ద్రాక్ష, మనకు చెరుకు. ఏ ఊర్ల ఎవరేం జేసిండ్రో అన్నీ చెప్తా నీకు, నడువ్" అన్నాడు. చెప్పడానికే బయలుదేరదీశాడు నన్ను. అది నాకు అప్పుడు తట్టలేదు.

నా బుర్రలో ఒకటే మాట పట్టుకుంది, రెస్టు. దీపావళి సాయంత్రం దీపాలు పెడుతూ మొక్కేసుకున్నాను. కార్తీకం మొదలైన పాడ్యమి నుంచి తొమ్మిది రోజులు ఆయన నోరు విప్పడు, చివరి రోజు గోదావరిలో మునిగి దీపం వదులుతాం, ఆ సగం గొంతు నిలబెట్టు తల్లీ అని. ఆయన్ను అడగనైనా అడగలేదు. మొక్కు నాది, మూగతనం ఆయనది. మన దగ్గర ఆడవాళ్లం ఇలాంటివి ఎన్ని చెయ్యం! మొగుడి తలనీలాలు మనమే మొక్కేస్తాం.

చెప్పగానే ఆయన ఏదో అనబోయి ఆగిపోయి నవ్వేశాడు.

"నా మైకు బండిల నాకే బందా?"

"తొమ్మిదంటె తొమ్మిదే రోజులు. తర్వాత ఆపరేషన్‌కు ఇంక ఆరు రోజులుంటయి. అప్పుడు మాట్లాడుకో, ఎవరొద్దన్నరు?"

"సరే టీచరమ్మా" అన్నాడు.

ఎడపల్లి దాటాక రోడ్డుకు రెండు పక్కలా చెరుకు తెల్లగా పూతకొచ్చి ఉంది. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఒక వేపచెట్టు కింద ఆపి, నన్ను మడత కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి పుస్తకమిచ్చి ఆయనే పొయ్యి వెలిగించాడు. కార్తీకం కాబట్టి ఆమ్లెట్ లేదు, ఉప్మా. అడుగంటింది. మాడు వాసన వస్తోందని నేనంటే లేదని చేతులు తిప్పుతూ గట్టిగా వాదించాడు. అంత నవ్వు నేను చాలా ఏళ్లుగా నవ్వలేదు.

ఆయన చెప్పడం లేదు కాబట్టి నేను మొదలుపెట్టాను. మా అమ్మ చీర నేను దాచుకున్న సంగతి, బడిలో మొదటి రోజు ఏడ్చింది పిల్లలు కాదు నేనన్న సంగతి, ఎన్నడూ ఎవరికీ చెప్పనివన్నీ చెప్పాను. ఆయన స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తూ విన్నాడు. ఆ మూడు నాలుగు రోజులు నేను సంతోషంగా ఉన్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ ఉన్నాను.

ఊళ్లలో మాత్రం కష్టమయ్యేది. హారన్లు చూడగానే జనం వచ్చేవాళ్లు. "అన్నొచ్చిండు! ఇయ్యాల ఏం చెప్తవే అన్నా?" అని. ఆయన గొంతు చూపించేవాడు, నేను మొక్కు సంగతి చెప్పేదాన్ని. రుద్రూర్‌లో ఒక అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి బండి తలుపు పట్టుకుంది.

"జాతర్ల నా మనుమరాలు తప్పిపోతె నీ గొంతే దొరకవట్టిచ్చింది బిడ్డా. ఒక్క మాట మాట్లాడు, ఇని పోత."

ఆయన నావైపు చూశాడు. నేను అందరి ముందూ, మూడో తరగతి పిల్లాడికి చూపించినట్టు, పెదవుల మీద వేలు పెట్టి చూపించాను. ఆయన అవ్వకు రెండు చేతులూ జోడించాడు. అవ్వ నన్నొక చూపు చూసి వెళ్లిపోయింది.

ఏడో రోజు పొద్దున బోధన్ పక్కన కాలువ గట్టు మీద ఉన్నాం. నేను గట్టు అంచున కూర్చుని గిన్నెలు తోముతున్నాను, రోడ్డుకు వీపు పెట్టి. కాలువ నీళ్ల చప్పుడు. ఆయన దూరంగా బండి దగ్గర పరదాలు దులుపుతున్నాడు.

"ఏయ్! జరుగూ! పక్కకు జరుగు!"

బొంగురు లేదు, ఏమీ లేదు. పాత గొంతు, నిండు గొంతు. అవతలి చేలో చెరుకు నరికేవాళ్లు లేచి నిలబడ్డారు. నేను పక్కకు దూకాను. చెరుకు నింపిన ట్రాలీని ట్రాక్టరువాడు వెనక్కి తోలుతున్నాడు. బయటికి పొడుచుకొచ్చిన గడలు నా మోచేతిని గీరుకుంటూ పోయాయి. అక్కడే ఉంటే కాలువలోకి తోసేసేవే.

ఆయన పరుగెత్తుకొచ్చాడు. నేనేమన్నానో తెలుసా?

"ఏడు రోజులు పట్టినవ్, ఇంక రెండు రోజులు ఆగరాకపాయెనా? ఉరికొచ్చి గుంజొద్దా నన్ను? మొక్కు తప్పింది. మల్ల ఒకటి నుంచి."

ఆయన రెండు వేళ్లు చూపించాడు, ఇంక రెండే కదా అన్నట్టు. నేను ఒక వేలు చూపించాను. మళ్లీ రెండు చూపించి నా గడ్డం పట్టుకున్నాడు. ఎప్పుడూ ఎవరినీ అలా బతిమాలని మనిషి. నేను తల తిప్పుకున్నాను. ఆ రోజునే ఒకటిగా లెక్క వేశాను, అదొక్కటే నేను చూపిన దయ. తొమ్మిది సరిగ్గా పున్నమికి వచ్చింది. పున్నమి మర్నాడు ఆస్పత్రిలో చేరాలి. మాట్లాడుకొమ్మని నేను వదిలిన ఆరు రోజులూ అలా పోయాయి. ఆయన నా మోచేతికి పసుపు అద్ది బండెక్కాడు. సాయంత్రం దాకా నేను మాట్లాడలేదు.

పున్నమి నాడు మెండోర వైపు గోదావరికి పోయాం. ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు వదులుతున్నారు. మేమూ మునిగి లేచి దీపం వదిలాం. మొక్కు తీరింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి తల తుడుచుకుంటూ ఆయన నా భుజం తట్టాడు. నేను తిరిగాను. నోరు తెరిచాడు.

తడిచేత్తో ఆ నోరు మూశాను.

"ఇయ్యాల వద్దు. ఇన్ని రోజులు దాసినం, ఇంకొక్క రోజు దాసుకో. ఆపరేషన్ అయినంక తీరిగ్గ చెప్పు, ఎంతసేపైనా ఇంట."

ఆయన నా చేతిని అక్కడే, తన పెదవుల మీదే కాసేపు పట్టుకున్నాడు. తర్వాత తలూపాడు. అక్కడి నుంచి సీదా హైదరాబాద్. దారి పొడుగునా నేను నిద్రపోయాను.

ఆపరేషన్ అయ్యాక డాక్టర్ బయటికొచ్చి, అనుకున్నట్టే గొంతు మొత్తం తీసేశామన్నాడు. నేను గొడవకు దిగాను. సగమే అన్నారు కదా, ఎవర్ని అడిగి తీశారని. డాక్టర్ నాకు తోడుగా వచ్చిన భాయ్ వంక చూశాడు. భాయ్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు.

"భాభీ, పహెలే దినమే చెప్పిండ్రు. పూరా తీస్తమని. ఉన్నన్ని దినాలు మంచిగ మాట్లాడుకొమ్మన్నరు. నీకు చెప్పొద్దని నాతోని కసమ్ ఏపిచ్చుకుండు."

ఉన్నన్ని దినాలు మాట్లాడుకొమ్మన్నారు.

నేను భయపడతానని సగం అన్నాడు. ఆ సగాన్ని పట్టుకుని నేను మొక్కుకున్నాను. ఆ మొక్కు వద్దనాలంటే నిజం చెప్పాలి, నిజం చెబితే నేను తట్టుకోలేను. అందుకని పదిహేను రోజులు నోరు మూసుకుని బండి నడిపాడు. ఆ చివరి కేక వేసింది కూడా నా కోసమే. దానికి నేను తిట్టాను.

ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. మెడ దగ్గర చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. చెప్పాలనుకున్నది పలక మీద రాస్తాడు. ఉప్పు తక్కువైంది, భాయ్‌కి ఫోన్ చెయ్యి, ఎండలో పోకు, ఇలాంటివి. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే పక్కింటి కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టొచ్చు. వంట చేస్తూ చేస్తూ ఊఁ అంటాను, అలవాటు పోక. తర్వాత ఏడుపొస్తుంది.

మొన్న ధైర్యం చేసి ఎదురుగా కూర్చున్నాను.

"ఆ దినం గోదావరిల ఏం చెప్పవోయినవ్?"

బలపం తీసుకున్నాడు. పలక ఒళ్లో పెట్టుకుని పాత రాతలన్నీ తుడిచాడు. తర్వాత రాసి నావైపు తిప్పాడు.

"గది రాసే మాట కాదు."