ఓర్ఫా వేసిన యుద్ధపటం

చచ్చిపోయినవాడు ఎటు పోయాడో తెలియాలంటే ఓర్ఫా స్టాలింగ్స్‌ని అడగాలని మా ఆర్కన్సా కొండల్లో ఒక నమ్మకం ఉండేది. సమాధి దగ్గర పాస్టరు ఎంత మెత్తగా ప్రార్థించినా లాభం లేదు. ఓర్ఫా పటంలోకి ఎక్కితేనే ఆ మనిషి గట్టెక్కినట్టు. ఎక్కకపోతే ఆ ఇంటివాళ్ళు ఆదివారం నాడు వెనక బెంచీ వెతుక్కునేవారు.

ఏటా ఆగస్టులో, మొక్కజొన్న గింజ గట్టిపడి చేలో పని తెరిపిన పడ్డాక, ఓక్ కొమ్మలతో పెద్ద పందిరి వేసి రెండు వారాలు ప్రార్థన కూటాలు జరిపేవారు. పందిరి వెనక ఈ చివర నుంచి ఆ చివరకు ఒక గుడ్డ పటం కట్టేవారు. సృష్టి మొదలుకొని లోకాంతం దాకా కథంతా దాని మీదే. ఎడమ చివర ఏదెను తోట, కుడి చివర బంగారు వీధుల పట్టణం. మధ్యలో ఎన్ని ఉన్నా అందరి కళ్ళూ హార్‌మెగిద్దోను లోయ మీదే. కడపటి యుద్ధం జరిగేది అక్కడే కదా. లోయకు ఒకవైపు ఏడు తలల మృగం, దాని వెనక లోకంలోని రాజులందరి దండు. రెండోవైపు తెల్ల గుర్రం మీద ప్రభువు, ఆయన వెనక తెల్లబట్టల పరిశుద్ధులు, వాళ్ళూ తెల్ల గుర్రాల మీదే. మా పాస్టరు బ్రదర్ హాస్క్యూ చేపలు పట్టే వెదురు గడతో ఆ లోయను తట్టి, "రెండే పక్షాలు. మూడోది లేదు. ఆ రోజు నువ్వు ఏ గుర్రం మీద ఉంటావో ఈ రోజే తేల్చుకో" అనేవాడు. పిల్లలు తల్లుల గౌన్ల చాటుకు దూరేవారు. పెద్దవాళ్ళకు మాత్రం భయం లేదా ఏమిటి, కాకపోతే దూరడానికి చాటు లేదు.

ఆ పటం ఓర్ఫా చేతిది. వాళ్ళ నాన్న దుకాణాల బోర్డులు రాసేవాడు, విద్య ఆయన దగ్గర అబ్బింది. ఇరవై ఆరో ఏట మొదటి పటం వేసినప్పుడు, ఆ తెల్ల గుర్రాల వాళ్ళలో ఒకరికి ఏదో ముఖం పెట్టాలి కాబట్టి అంతకు ముందు చలికాలంలో పోయిన తన తల్లి ముఖం పెట్టింది. పందిట్లో జనం గుర్తుపట్టి భోరున ఏడ్చారు. అంతే, మర్నాటి నుంచి ఓర్ఫా గడప అరిగిపోయింది. మా నాన్నను వెయ్యి, మా చెల్లెల్ని వెయ్యి, పురిట్లో పోయిన మా కోడల్ని వెయ్యి అని. బ్రదర్ హాస్క్యూ దానికో కట్టడి చేశాడు. అందరి ఎదుట, వేదిక ముందున్న బలిపీఠం దగ్గరికి వచ్చి మోకరించి, ఏట్లో బాప్తిస్మం పొందినవాళ్ళకే గుర్రం. మిగతావాళ్ళను దేవుడే చూసుకుంటాడు. చూసుకుంటాడు అన్న మాట ఆయన ఎలా అనేవాడంటే, విన్నవాడికి ఒళ్ళు చల్లబడేది.

వానకూ ఎలుకలకూ గుడ్డ నాలుగైదేళ్ళకు మించి ఆగేది కాదు. ఆగని ప్రతిసారీ ఓర్ఫా పశువుల కొట్టం ఊడ్చి, కొత్త కోరా గుడ్డ పరిచి, పిండి గంజి పట్టించి, అందరినీ మళ్ళీ మొదటి నుంచి వేసేది. ఫొటోలు ఎవరింట్లో ఉన్నాయి గనక. అంతా జ్ఞాపకమే. పందొమ్మిది వందల నలభై తొమ్మిది నాటికి అరవై ముగ్గురు పోగయ్యారు. అందులో ఎవరికి మెల్లకన్నో, ఎవరి పెదవి ఎటు వంకరో ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

ఆ అరవై ముగ్గురిలో ఆమె భర్త లేడు.

ఎమ్మెట్ బావులు తవ్వేవాడు. ఒకరి జోలికి పోని మనిషి. కూటాలకు వచ్చేవాడు గాని పందిరి బయట బండి మీదే కూర్చునేవాడు. ముందుకు వెళ్ళి మోకరించమని ఓర్ఫా ఏళ్ళ తరబడి చెవిలో జోరీగలా పోరింది. "అంతమంది ముందు ఏడవడం నాకు చేతకాదే" అనేవాడు. ఇంకా పోరితే పటం కేసి చూపించి, "నువ్వు వేసినన్ని గుర్రాలకూ ఆ లోయలో నీళ్ళెవరు తోడతారే? రెండు పక్షాల వాళ్ళకీ దాహం వేస్తుంది కదా. నన్ను మధ్యలో ఓ బావి దగ్గర వేసెయ్, పడుంటాను" అని నవ్వేవాడు. ఓర్ఫాకు నవ్వు వచ్చేది కాదు. ఒక ఫిబ్రవరిలో, తవ్వుతున్న బావిలో నడుం లోతు నీళ్ళలో తడిసి, ఊపిరితిత్తులకు నెమ్ము చేసి వారం తిరక్కుండా పోయాడు. ఆ వారంలోనూ ఓర్ఫా మంచం పక్కన కూర్చుని మోకరించమనే అడిగింది. ఆయన మంచినీళ్ళు అడిగాడు.

ఆ ఏడు పటంలో ఎమ్మెట్‌ను వెయ్యలేదు. గుండె రాయి చేసుకుంది. పందిట్లో బ్రదర్ హాస్క్యూ ఆమెను లేపి నిలబెట్టి, "కట్టుకున్నవాడి కోసం కూడా అబద్ధం ఆడని చెయ్యి ఇది" అన్నాడు. ఆ మాట ఓర్ఫా పందొమ్మిదేళ్ళు మెడలో గొలుసులా వేసుకు తిరిగింది. నిజం చెప్పొద్దూ, కాస్త మిడిసిపడింది కూడా.

ఆ నలభై తొమ్మిదిలో, జూన్ నెలలో జెల్మా క్రాబ్‌ట్రీ కొడుకు ఆర్వెల్ దుంగల లారీ కింద పడి పోయాడు. ఇరవై రెండేళ్ళవాడు. ఫిడేలు వాయించేవాడు, పందిరి బయట నిలబడి పాటలకు వెక్కిరింతగా గొంతు కలిపేవాడు, బలిపీఠం ఛాయలకు ఏనాడూ రాలేదు. జెల్మాకు వాడొక్కడే. నెల రోజులు ఆమె సరిగా తిన్నది లేదు. ఆపైన ఊళ్ళో ఒక మాట మొదలుపెట్టింది. పోయిన రోజు పొద్దున వాడు తనతో, వచ్చే ఆదివారం ముందుకెళ్ళి మోకరిస్తానమ్మా అన్నాడట. విన్నవాళ్ళు ఎవరూ లేరు. బ్రదర్ హాస్క్యూ తల ఊపి ఊరుకున్నాడు.

జూలై చివర్లో, గుడ్డ పరిచి గంజి ఆరబెట్టిన రోజు, జెల్మా కొట్టం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మా వైపు ఎవరింటికీ వట్టి చేతులతో పోరు. ఆమె వట్టి చేతులతో వచ్చింది.

"లోపలికి రా" అంది ఓర్ఫా, తల ఎత్తకుండా.

"గుడ్డ తొక్కుతానేమో. వద్దులే అక్కా."

"ఎందుకొచ్చావో నాకు తెలుసు జెల్మా. నా వల్ల కాదు. చూసినవాళ్ళు లేరు, విన్నవాళ్ళు లేరు."

"నేను విన్నాను కదా."

"నువ్వు తల్లివి."

జెల్మా పుల్ల విరిచినట్టు అంది. "నాదే బుద్ధి తక్కువలే. కట్టుకున్న మొగుణ్ణే ఎక్కించుకోని దానివి, నా కొడుకును ఎక్కిస్తావని వచ్చాను చూడు. తొమ్మిది రోజులు మా పెరట్లో బావి తవ్వాడు ఎమ్మెట్ బావ. నీళ్ళు పడ్డాక మొదటి చెంబు తను తాగకుండా మా వాడికి పట్టాడు. అట్లాంటివాణ్ణి ఆ మృగం వెనక నిలబెట్టి, నువ్వు మాత్రం ముందు వరస బెంచీ మీద కూర్చుంటావు. ఎలా పడుతోందక్కా నీకు నిద్ర?"

ఓర్ఫాకు ఒళ్ళు మండిపోయింది. పొమ్మని చెప్పడానికి నోరు తెరిచింది. కాని ఎమ్మెట్ పేరు విన్నాక కళ్ళ ముందు ఆయన నిలబడాలి కదా, నిలబడలేదు. టోపీ కనిపించింది. మట్టి కొట్టుకున్న జోళ్ళు కనిపించాయి. టోపీ కింద ఏమీ లేదు.

ఆమె పెన్సిలు తీసుకుని, అక్కడే ఒక అట్టముక్క మీద గీయబోయింది. గడ్డం గీసి చెరిపేసింది. ముక్కు గీసింది, అది అరవై ముగ్గురిలో ఎవరిదో. నాలుగేళ్ళకోసారి ఊరి చావులన్నిటినీ మళ్ళీ మళ్ళీ గీసి నిలబెట్టుకున్న మనిషి, గీయకుండా వదిలేసిన ఒక్కణ్ణి పోగొట్టుకుంది. ఎప్పుడు పోగొట్టుకుందో కూడా తెలియలేదు. తను ఇన్నాళ్ళూ అబద్ధం ఆడని చెయ్యి అని మురిసిపోయిన చెయ్యి ఇదేనా అని దాని కేసి చూసుకుంది.

"జెల్మా" అంది, పెన్సిలు పక్కన పెట్టి. "ఆయన ముఖం నాకు రావడం లేదు."

జెల్మా కోపం ఎటు పోయిందో తెలియదు. గుడ్డ తొక్కకుండా గోడ వారగా నడిచి వచ్చి పక్కన చతికిలబడింది. "కనుబొమ్మలో ఒక గీత ఉండేది కదా, వెంట్రుకలు లేకుండా. పలుగు తగిలిందని చెప్పాడు."

"ఏ వైపు?"

"ఎడమవైపు అనుకుంటా. చెవులు కొంచెం పెద్దవి. ఎండలో ఎర్రగా అయ్యేవి. బుగ్గలు లోపలికి పోయి ఉండేవి, నమిలేటప్పుడు తెలిసేది."

ఆమె చెప్పింది చెప్పినట్టు ఓర్ఫా గీసింది. పొద్దు వాలే దాకా గీస్తూ చెరుపుతూనే ఉన్నారు ఇద్దరూ. చివరికి ఓర్ఫా అట్ట ఆమెకు అందించింది. "ఇలాగేనా?"

జెల్మా చాలాసేపు చూసింది. "దగ్గరగానే ఉంది."

"దగ్గరగా అంటే?"

"ఆయన తమ్ముడెవరైనా ఉంటే ఇలా ఉండేవాడక్కా."

ఓర్ఫా అట్టను మడిచి ఒళ్ళో పెట్టుకుంది. కొంతసేపటికి జెల్మా తల దించుకుని, అడగకుండానే చెప్పింది. "మా వాడు ఏమీ అనలేదక్కా. ఆదివారం సంగతి నేను కల్పించాను. ఆ పొద్దున లారీ ఎక్కుతూ ఇంకో రెండు రొట్టెలు చుట్టి ఇమ్మన్నాడు. ఇచ్చాను. అంతే."

"తెలుసు" అంది ఓర్ఫా.

"అందుకని వెయ్యవు కదా?"

"అబద్ధం వెయ్యలేను జెల్మా. అది నాకు రాదు." ఆ మాటన్నాక ఆమెకే ఇంకో మాట తట్టింది. ఈ ఇరవై మూడేళ్ళూ తను వేసినది నిజమని మాత్రం తనకు ఎవరు చెప్పారు? ఆ లోయలో ఎవరు ఎటు నిలబడ్డారో చూసివచ్చిందా తను? ఆ ఆలోచనకు ఆమెకు నిజంగా భయం వేసింది, మృగాన్ని చూసి కూడా ఎన్నడూ వెయ్యని భయం.

ఆగస్టు మొదటి ఆదివారం, చెట్ల కింద దుప్పట్లు పరిచి అందరూ భోజనాలు ముగించాక, పటం తాళ్ళు విప్పారు. జనం అలవాటు ప్రకారం తోసుకుంటూ లోయ దగ్గరికి వచ్చారు. వచ్చి ఆగిపోయారు. మృగం ఉంది, దాని ఏడు తలలూ ఉన్నాయి. తెల్ల గుర్రాలూ ఉన్నాయి, ముందెన్నడూ లేనన్ని, దూరం పోయేకొద్దీ చిన్నవవుతూ గుడ్డ అంచు దాకా. వాటి మీద ఉన్నవాళ్ళంతా వీపు ఇటు పెట్టి ఉన్నారు. ఒక్క ముఖమూ లేదు.

"మా బెస్సీ ఏది?" అన్నాడు ఒక ముసలాయన. "మొన్నటిదాకా ఇక్కడుండేది కదా, మూడో గుర్రం మీద."

అప్పుడు మొదలైంది గోల. మా అమ్మను చెరిపేసింది అని ఒకరు, దీనికి మతి పోయింది అని ఒకరు. ముందు వరసల వాళ్ళే ఎక్కువ కేకలేశారు. బ్రదర్ హాస్క్యూ చెయ్యెత్తి అందరినీ ఆపి, వెదురు గడను ఆ వీపుల మీద పెట్టాడు. ఆయన ముఖంలో కోపం కన్నా దిగులే ఎక్కువ ఉంది. ఆయన భార్య కూడా పటంలో ఉండేది మరి.

"సిస్టర్ ఓర్ఫా, వీళ్ళెవరు?"

"ప్రభువు వెనక పోతున్నవాళ్ళు బ్రదర్."

"మనవాళ్ళేరి? ముఖాలేవి?"

"వాళ్ళు ఆయన కేసి చూస్తున్నారు" అంది ఓర్ఫా. "మన కేసి చూస్తూ యుద్ధానికి ఎలా పోతారు? ముఖాలు ఆయనకు కనిపిస్తాయి. ఎవరెవరో ఆయనకు తెలుసు. నాకు తెలుసని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నాకు తెలియదు బ్రదర్."

ఆయన గడ దించాడు. ఆ పూట ప్రసంగం ఏదెను తోట దగ్గర మొదలుపెట్టి, లోయ దాటేసి, నేరుగా బంగారు పట్టణానికి పోయాడు. మరుసటి ఏడు పట్నం నుంచి అచ్చువేసిన పటం తెప్పించారు. ఓర్ఫాను మళ్ళీ ఎవరూ అడగలేదు. కొందరు ఆమెతో మాట్లాడకుండానే కాటికి పోయారు, వాళ్ళను తప్పు పట్టలేం. నా చేతిలోంచి నా తల్లి ముఖం లాక్కుంటే నేనూ మాట్లాడను.

ఆ ఆదివారం జనం పలచబడ్డాక జెల్మా పటం దగ్గరికి వెళ్ళింది. వరసలన్నీ చూసి, నడిమి వరసలో ఒకడి మీద వేలు పెట్టింది. "వీడే అక్కా. ఆ భుజం వాల్చడం చూడు. ఫిడేలు పట్టి పట్టి అలా అయింది."

"ఎవడైనా కావచ్చు జెల్మా."

"కావచ్చు. వీడూ కావచ్చు కదా." ఆమె గౌను అంచుతో కళ్ళు తుడుచుకుని, నెలల తరువాత మొదటిసారి ఆకలేస్తోంది అంది. ఎవరి బుట్టలోనో మిగిలిన మొక్కజొన్న రొట్టె తీసుకుని అక్కడే నిలబడి తింది. తింటూ, "మరి బావ ఎక్కడున్నాడు?" అని అడిగింది.

ఓర్ఫా పటం కేసి తిరిగింది. జెల్మా వెళ్ళిపోయాక, బండ్లన్నీ కదిలిపోయాక కూడా, మొదటి వరస నుంచి ఆఖరి వరస దాకా ఒక్కొక్క వీపునూ చూస్తూ ఉండిపోయింది. తన కోసం దేవుణ్ణి ఏనాడూ ఏమీ అడగని మనిషి ఆమె. ఆ పూట మాత్రం, తను వేసినవాళ్ళలో ఒక్కడు ఒక్కసారి తల తిప్పి ఇటు చూస్తే చాలునని అడిగింది.