రెండు ఊపిరి గీతలు

లిబరలైజేషన్ అనే మాట పేపర్లలో కొత్తగా కనిపిస్తున్న రోజుల్లో నేను చంద్రపూర్ దగ్గర ఒక బొగ్గు గని ఆసుపత్రిలో ఊపిరితిత్తుల పరీక్షలు చేసేదాన్ని. మాది ఆదిలాబాద్. పెళ్లయ్యాక చంద్రపూర్‌లోని తుకుం పేటలో కాపురం.

నా యంత్రం పాతది. నీళ్ల తొట్టిలో బోర్లించిన డబ్బా, దానికో గొట్టం. ముక్కుకు క్లిప్పు పెట్టుకుని గొట్టంలోకి ఊదితే డబ్బా లేచేది. దాంతోపాటు కదిలే పెన్ను, తిరిగే కాగితం మీద గీత గీసేది.

గాలిని మనం లాక్కుంటామని అందరూ అనుకుంటారు. నిజానికి పొట్టకూ ఛాతీకీ మధ్యనున్న కండరం కిందికి దిగి, పక్కటెముకలు విచ్చుకుంటే లోపల చోటు పెరుగుతుంది. గాలి దానంతటదే వస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒక్కో ఊపిరికి పీల్చేది అర లీటరు. నిండా పీల్చి ఊదితే దానికి ఎన్నో రెట్లు. ఎంత ఊదినా కొంత గాలి లోపలే మిగిలిపోతుంది. దాన్ని నా యంత్రం కొలవలేదు.

ఒక వానాకాలం ఉదయం గనిలో బొగ్గుకు రంధ్రాలు వేసే డ్రిల్లర్ ఒకాయన తన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. రాజురా వైపు రైతు కుటుంబం. ఆయన వయసు యాభై దాటింది. కూర్చోకముందే అన్నాడు:

"డాక్టర్ సాబ్‌కు మంచిగ చెప్పు బిడ్డా. గని దిగనియ్యక పైన డ్యూటీ ఇస్తే నా ఇజ్జత్ పోతది."

"ముందుగాల ఊదుండ్రి కాకా," అన్నాను.

మొహం ఎర్రబడేదాకా ఊదాడు. పెన్ను ఆగకుండా మెల్లగా ఎక్కుతూనే ఉంది. క్లిప్పు తీసి రొప్పుతూ నవ్వాడు.

"చూసినవా, ఎంతసేపు ఊదిన్నో! పోరగాండ్లు గిట్ల ఊదుతరా?"

నేను కాగితం మీది గీత చూశాను. ఆరోగ్యవంతులు ఊదేదాంట్లో ముప్పావు వంతు దాకా మొదటి సెకనులోనే బయటికొస్తుంది. ఆయనకు సగం కూడా రాలేదు. మళ్లీ ఊదించాను. గీత మారలేదు.

మూలన కూర్చున్న భార్య అడిగింది: "నేను ఊదొచ్చునా, బిడ్డా?"

బయట ఇంకెవరూ లేరు. గొట్టం మూతి మార్చి ఇచ్చాను. ఆమె ఊదగానే గీత నిటారుగా లేచి, వెంటనే చదునైపోయింది.

"నాది జల్ది అయిపాయె," అంది సిగ్గుపడుతూ.

"నీకు దమ్ము లేదు," అని ఆయన నవ్వాడు.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. ఆమెది మొత్తం కొలత తక్కువే, మనిషి చిన్నది కదా. కానీ ఉన్న గాలంతా ఒక్కసారే వచ్చేసింది. ఆయనది ఎక్కువసేపు వచ్చింది, లోపలి దారులు ఇరుకై గాలికి తొందరగా రావడం చేతకాక. వేలితో గీతలు చూపిస్తూ చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

"అంటే నాది ఆగుకుంట ఆగుకుంట వస్తుందా?"

"అవును కాకా."

"పండుకుంటే నీ ఛాతీల పిల్లి అర్సినట్టు అయితదని చెప్పలేదా? నేను చెప్తే నమ్మకపోతివి," అంది భార్య. గొంతులో కోపం లేదు.

డాక్టర్ ఎక్స్‌రే చూసి, గనిలో దిగొద్దన్నారు. గనిలోకి దిగేవారికి దీపాలిచ్చే గదిలో ఆయనకు డ్యూటీ వేశారు. చాలాకాలం ఆయన నాతో మాట్లాడలేదు. వరండాలో ఎదురైతే మొహం తిప్పుకునేవాడు. నాకు కొంచెం కష్టంగానే ఉండేది. అయినా గీత నేను గీసింది కాదు.

మరుసటి పరీక్షలో కొలత దాదాపు అంతే ఉంది.

"పెరగదా?" అన్నాడు. అన్నాళ్లకు అదే మొదటి మాట.

"పెరగదు కాకా. తగ్గకుంటే మంచిదే."

గీత వెంట వేలు పోనిచ్చి, "సరే, గంతే చాలు," అన్నాడు.

రిటైరయ్యాక వాళ్లు సొంతూరు వెళ్లిపోయారు. ఒకసారి బజార్లో ఆమె కనిపిస్తే కాకా ఎట్లున్నడని అడిగాను.

"పత్తి చేనుకు తనే నడుసుకుంట వస్తుండు. నేను ముందు పోయి గట్టు మీద కూసుంట. ఆయన వచ్చి దమ్ము తీసుకున్నంక ఇద్దరం కలిసి లేస్తం," అంది.