పిల్లి వద్దన్న ఇసుక

నిరుడు మిరపకాయలు కళ్లాల మీద ఎండుతున్న రోజుల్లో మా పిల్లి ఇసుక బేసిను మానేసింది. మూడేళ్లుగా వెనక వరండాలో, నీళ్ల డ్రమ్ము పక్కన, అదే బేసినులో పని ముగించుకుని, పైన ఇసుక కప్పి, ఏమీ తెలియనట్టు వచ్చి నా పుస్తకం మీద కూర్చునేది. ఆ రోజు పొద్దున మాత్రం నేరుగా ముందు గదిలోకి వెళ్లి, నాన్న ఏకి పోగుపెట్టిన దూది మీద పోసింది.

నాన్న పరుపులు కుడతాడు. మా ముందు గది పేరుకే గది, నిండా దూదే. అప్పుడు ప్రత్తిపాడు పెళ్లివారి పరుపులు కుడుతున్నాడు. తడిసిన దూదిని చేతులతో తీసి బయట పారేశాడు. మర్నాడూ అదే జరిగింది. అప్పుడన్నాడు.

“పెళ్లి పరుపమ్మా ఇది. వాసనొచ్చిందంటే ఇంకెవరన్నా మన గుమ్మం తొక్కుతారా? ఇంకొక్కసారి పోస్తే తీసుకెళ్లి జిన్నింగ్ మిల్లు కాడ వదిలేస్తా.”

“అక్కడ లారీలు తిరుగుతాయి నాన్నా,” అన్నాను. నా మాట నాకే సరిగ్గా వినపడలేదు.

నానమ్మ మంచం మీద నుంచి అందుకుంది. “మేం చెంబు పట్టుకుని చేలెమ్మట పోయినోళ్లం. ఈవిడ గారికి ఇసక గుచ్చుకుంటందంట, దూది కావాలంట. ఏ నవాబు బిడ్డో మరి.”

ఆ వారం నా డైరీలో నా గురించి ఒక్క మాట లేదు. పిల్లి ఎన్ని గంటలకు తిన్నది, ఎప్పుడు నీళ్లు తాగింది, ఎటు వెళ్లింది, అంతే. చదువుతున్న పుస్తకంలో ఒకే పేజీ నాలుగుసార్లు తిరగేశాను. కాసేపటికోసారి లేచి ముందు గదికి వెళ్లి దూది వాసన చూసి వచ్చేదాన్ని. తలుపు వేద్దామంటే దూది బస్తాలు అడ్డం.

పిల్లిని సంచిలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. గేదెలతో వచ్చినవాళ్లు సంచిలోంచి అరుపు విని నవ్వారు. తల ఎత్తకుండా నిలబడ్డాను. డాక్టరు గారు దాని పొట్ట నొక్కి చూశారు. “మగదైతే మూత్రం బిగుసుకుపోయిందేమోనని భయపడేవాణ్ణి. ఇది ఆడది, ధారగానే పోస్తోందంటున్నావు. జబ్బేం కనపట్లేదు. ఆ చోటు మీద దానికేదో కోపం వచ్చిందమ్మా. అదేంటో చూసుకో.”

కోపమేమిటో తెలియక తోచినవన్నీ చేశాను. అమ్మ చెప్పిందని బేసినును ఫినాయిలుతో కడిగి, అదే ఇసుక మళ్లీ పోశాను. పిల్లి ఆ వాసనకు వరండాలోకే రాలేదు. ఒట్టి నీళ్లతో కడిగి, బేసినును డ్రమ్ము పక్క నుంచి మెట్ల కిందికి మార్చాను. మూడోసారీ దూది మీదే పోసింది. నాన్న మూత ఉన్న తట్ట ఒకటి తెచ్చి బండి పక్కన పెట్టాడు. రేపు పొద్దున అన్నాడు.

ఆ మధ్యాహ్నం బేసిను ఎదురుగా కూర్చున్నాను. చాలాసేపటికి పిల్లి వచ్చింది. ఇసుకలో ఒక కాలు పెట్టింది. వెంటనే తీసి విదిలించి, నాకింది. నాకగానే తల అటూ ఇటూ విసురుతూ పరుగెత్తింది. ముల్లో గాజుపెంకో ఉందనుకుని ఇసుకంతా చేత్తో కెలికాను. ఏమీ లేదు. చెమట కంట్లోకి కారితే అదే చేత్తో తుడుచుకున్నాను. కన్ను భగ్గుమంది.

ఆ రోజు నేను మిరపకాయ ముట్టుకోలేదు.

కన్ను కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. కిందటి వారం కాలం కాని వాన పడి బేసినులో పోసే ఇసుక బస్తా తడిసింది. అమ్మ తొడిమలు తీయడానికి కాయలు పోసుకునే పట్టా మీదే ఆ ఇసుక ఆరబోశాను. ముందు దులిపాను. మా ఇంట్లో దులిపితే శుభ్రమైనట్టే. అన్నం వడ్డించుకునే ముందు కంచాలు కూడా ఒకసారి ఊదుకుని పెట్టుకుంటాం.

అమ్మకు చెబితే నమ్మలేదు. “దులిపావుగా?”

“దులిపాను.”

“మరింకేంటి?” గుప్పెడు ఇసుక తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. “ఏం ఘాటు లేదే.”

“రోజూ ఆ ఘాటులోనే ఉంటావు, నీకు తెలీదమ్మా. నాకూ తెలీలేదు.”

అమ్మ ఇసుక కింద పోసేసి, తన వేళ్ల వంక చూసుకుంది.

నాన్నకు చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. గుమ్మం దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చాను. మూడోసారి ఒక్క గుక్కలో చెప్పేశాను: “ఇసుకలో కారం కలిసింది నా వల్ల. దాని తప్పు లేదు. పంపేయొద్దు.”

నాన్న సూది గుచ్చి ఆపాడు. “ఇది ముందే చెప్పొచ్చుగా?”

“ఇప్పుడే తెలిసింది.”

“రెండు రోజులు. పరుపులు బండెక్కేలోగా తేలాలి.”

కొత్త బేసిను కొన్నాను. వెనక వీధిలో ఇల్లు కడుతున్నవాళ్లను ఇసుక అడగడానికి నోరు రాక అమ్మను పంపాను. తడిసిన దూది పింజ ఒకటి అందులో పెట్టాను, తన చోటు అని వాసన పట్టి తెలుసుకుంటుందని. మొదటి రోజు పిల్లి పక్కనే కూర్చుంది, కాలు పెట్టలేదు. ముందు గదిలోకి వెళ్లబోతే ఎత్తుకుని తిరిగాను. ఎక్కడ పోసిందో, అసలు పోసిందో లేదో తెలియలేదు.

రెండో రోజు ఎండ వాలాక ఒక కాలు పెట్టింది. ఆగింది. రెండో కాలు పెట్టింది. గుంట తవ్వడం మొదలుపెట్టింది. నా వెనక గుమ్మంలో నాన్న ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తెలియదు. అది పని కానిచ్చి, ఇసుక కప్పేదాకా చూసి, “సరే, ఉండనీ,” అని లోపలికి వెళ్లాడు.

పిల్లి బేసిను దిగి ముందు కాలు నాక్కోవడం మొదలుపెట్టింది. మళ్లీ తల విసురుతుందేమోనని కదలకుండా చూస్తూ ఉండిపోయాను.