నీళ్ళాఫీసు కంచె పూసిన ఏడాది

భూమ్మీద ఏ మొక్కైనా మొలిచే ముందు మా తాత దగ్గరికి వచ్చి, "అయ్యా, నా పేరేంటి?" అని అడిగి, ఆయన చెప్పాకే నేల చీల్చుకుని పైకి వచ్చేది. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఒకప్పుడైతే ఆయనే ఇంకో నాలుగు కలిపి చెప్పేవాడు.

ఊళ్ళో ఆయన్ని కత్తెర తాత అనేవారు. నీళ్ళాఫీసు చుట్టూ నాలుగు వైపులా ఉన్న పచ్చటి కంచె ఆయన ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. పది రోజులకోసారి ఈ కొస నుంచి ఆ కొసకి దారం లాగి కట్టి, ఒంటి కన్ను మూసి చూసి, దారం దాటి తల ఎత్తిన ప్రతి రెమ్మనీ ఎగరగొట్టేవాడు. ఆ కంచె మీద టీ గ్లాసు పెడితే తొణికేది కాదు.

"సొంత గడ్డం మాసినా పట్టదు గానీ, ఆఫీసు కంచెకి మాత్రం తప్పకుండా క్షవరం" అనేది అమ్మమ్మ.

ఆ ఏడు తాత తడి మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. నాలుగు నెలలు కట్టు. ఆయన బదులు ఆఫీసువాళ్ళు ఎవరినీ పెట్టలేదు. అది తెలిశాక తాతకి కోపమో బాధో, ఆ వీధి మొహం చూడడం మానేశాడు. పాల కోసం వెళ్ళినా చుట్టూ తిరిగే వెళ్ళేవాడు.

"నేను లేకుండా అదెలా ఉందో చూస్తే నా గుండె ఆగిపోతుంది" అన్నాడు.

"నువ్వు చూడకపోతే అది పెరగడం మానేస్తుందా?" అంది అమ్మమ్మ.

మానెయ్యలేదు.

కట్టు విప్పిన వారానికి, ఒక మధ్యాహ్నం, మా చెల్లి గువ్వ బడి నుంచి వచ్చి గడపలోనే కూలబడింది. ఐదేళ్ళది. రెండుసార్లు కక్కుకుని, మా అమ్మ ఒళ్ళో తల వాల్చేసింది. పిలిస్తే పలకలేదు. గౌను జేబులో నలిగిన కొమ్మ ఒకటి ఉంది. దానికి లేత ఊదా పూల గుత్తి, కింద పూసల్లాంటి పసుపు కాయలు. గువ్వ పళ్ళ మధ్య అవే కాయల తొక్కలు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కొమ్మ అందుకుని అటూ ఇటూ తిప్పింది. "ఏ చెట్టుదమ్మా ఇది? కొన్ని కాయలు గుండెని పట్టుకుంటాయి, కొన్ని ఊపిరిని పట్టుకుంటాయి, కొన్ని ఉత్త మత్తు. ఒక్కోదానికి ఒక్కో వైద్యం. ఊహించి మందు పొయ్యలేను. త్వరగా చెప్పండి."

మా నాన్న ఆ గుత్తిలోంచి ఒక పువ్వు తుంచుకుని, బడి దారిలో ఉన్న ఇళ్ళ తలుపులన్నీ కొట్టడానికి పరిగెత్తాడు. ఇంకా ప్రతి చేతిలో ఫోను లేని రోజులు. కొమ్మ తాత చేతికి వచ్చింది.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. ఆకు చిదిమి వాసన పీల్చాడు. "పాలు కారే జాతి కాదు" అన్నాడు.

"పాలు కారని విషాలు బోలెడు, తాతగారూ. పేరు కావాలి."

తాత పువ్వుని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. "దీన్ని... దీన్ని నేనెప్పుడూ చూడలేదమ్మా."

మా అమ్మ తండ్రిని ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. ఆ రోజు అంది. "ఊళ్ళో ప్రతి ఆకుకీ పేరు పెట్టేది నువ్వేగా నాన్నా! నా బిడ్డ దగ్గరికొచ్చేసరికి నోరు పడిపోయిందా?"

నాన్న రొప్పుతూ తిరిగొచ్చి అడ్డంగా తల ఊపాడు. ఏ ఇంట్లోనూ ఆ పువ్వు లేదు. మంచం మీద గువ్వ ఊపిరి ఒకసారి గట్టిగా, ఒకసారి ఉందా లేదా అన్నట్టుగా వస్తోంది. తాత ఇంకా ఆ పువ్వునే చూస్తున్నాడు. చూపుతోనే దాని చేత పేరు చెప్పించేద్దామన్నట్టు.

గువ్వ అరికాళ్ళు రుద్దుతున్న అమ్మమ్మకి ఒళ్ళు మండింది. "పువ్వునేం చూస్తావయ్యా! పువ్వుల సంగతి నీకేం తెలుసు? నీకు తెలిసింది కొయ్యడమేగా!"

తాత కొమ్మని తిరగేశాడు.

అప్పటిదాకా అందరం పై కొసే చూశాం. అడుగు కొసకి, గువ్వ లాగినప్పుడు ఊడొచ్చిన పాత కొమ్మ ముక్క అంటుకుని ఉంది. దాని మీద మానిపోయిన కోత, బిళ్ళలా చదునుగా. అంచున గోరు గిచ్చినట్టు చిన్న గాటు. తాత కత్తెరకి ఎప్పుడో ఇనప తీగ తగిలి అంచున నొక్కు పడింది. అప్పటినుంచి ఆయన కోసిన ప్రతి కొమ్మకీ ఆ గాటు ఉంటుంది.

"ఇది నా కోత" అన్నాడు తాత. "ఇది నా కంచె. ఇది... ఇది పూస్తుందా?"

ఇరవై రెండేళ్ళుగా మొగ్గ తొడిగేలోపే తెగిపోయింది. పువ్వు ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు! నాన్న తట్టినవి ఇళ్ళ తలుపులే, ఆఫీసు వైపు పోనేలేదు.

"కంచె అంటే పేరు కాదండీ!" అంది డాక్టరమ్మ.

"నేనలాగే పిలిచానమ్మా. ఆఫీసులో ఫైలు ఉంటుంది. మొక్కలు దిగిన రోజు గుమాస్తా రాసుకున్నాడు. ఫోను చెయ్యండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

డాక్టరమ్మ ఫోను చేసింది. అటు గుమాస్తా బీరువా తాళం వెతికాడు, ఫైలు వెతికాడు, కళ్ళజోడు వెతికాడు. ఇటు తాత ఫోను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. చివరికి అవతల నుంచి ఒక మాట వచ్చింది: డురాంటా. డాక్టరమ్మ లావుపాటి పుస్తకం తెరిచి, వేలితో వెతికి, ఊపిరి వదిలింది. "గుండె మీదికి పోయే రకం కాదు. మత్తు, జ్వరం, ఫిట్సు కూడా రావచ్చు. ఏం చెయ్యాలో ఇప్పుడు తెలిసింది. కానీ సాయంత్రం దాకా ఏ మాటా ఇవ్వలేను."

ఆ సాయంత్రం ఎంతకీ రాలేదు. తాత వరండా బల్ల మీద కుడి మణికట్టుని ఎడం చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. అమ్మమ్మ నీళ్ళిస్తే పక్కన పెట్టాడు.

"నా చేతి కింద ఉన్నన్నాళ్ళూ ఒక్క కాయ కాయలేదే అది. అలిగి మొహం తిప్పుకున్నది నేను. తిన్నది పసిది."

అమ్మమ్మ గ్లాసు తీసి ఆయన చేతిలోనే పెట్టి, చేతిని వదలకుండా కూర్చుంది.

దీపాలు పెట్టే వేళకి గువ్వ కళ్ళు తెరిచింది. "తాతా, పూసలు చేదు" అంది. తాత గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే కత్తెర పట్టుకుని ఆ వీధికి వెళ్ళాడు. కంచె మనిషెత్తు దాటి, నాలుగు వైపులా ఊదారంగు గుత్తులు వేలాడేసుకుని, తేనెటీగలతో మోగిపోతోంది. అంత అందం తన చేతి కింద ఉందని ఆయనకి ఆ రోజే తెలిసింది. తెలిసీ కత్తెర ఎత్తాడు. పిడికిలి సగమే మూసుకునే చేత్తో ఐదు రోజులు కోశాడు. వాచ్‌మన్ సాయం వస్తానంటే కసిరాడు. కాయలన్నీ ఏరి గోతిలో పూడ్చాడు.

అప్పటినుంచి ఎవరైనా ఆకు తెచ్చి పేరడిగితే, తిప్పి తిప్పి చూసి, "తెలీదు" అంటున్నాడు. అరవై ఏళ్ళు దాటాక నేర్చుకున్న మాట. బాగానే వచ్చింది.

ఇదంతా రాసి నిన్న ఆయనకి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఎలా ఉంది తాతా?"

"మొదటి నాలుగు ముక్కలూ దారం దాటాయి. కొట్టెయ్."